బీడు పెనం గాజు పొయ్యి మీద పెట్టొచ్చా? మా ఇంట్లో రెండు పార్టీలు

లంకపిల్ల (అమలాపురం)
అందరికీ నమస్కారమండీ. కిందటి నెల కొత్తింట్లోకి వచ్చాం. వంటగట్టులోకి దింపిన రెండు పొయ్యిల ఇండక్షన్ పెట్టించారు మావారు. నల్లగా అద్దంలా ఉంటుంది, ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. నా దగ్గరేమో మా అమ్మమ్మ ఇచ్చిన బీడు (పోత ఇనుము) మూకుడు ఉంది. పి.గన్నవరం దగ్గర లంకలో నలభై ఏళ్లపాటు కొబ్బరి డొక్కల మంట మీద మినపరొట్టె కాల్చిన మూకుడు. ఇంకోటి నేను పోయిన సంక్రాంతికి కొనుక్కున్న పదంగుళాల బీడు పెనం. రెండూ ఇప్పుడు అటకెక్కాయి. "ఆ ఇనప దిమ్మ గాజు మీద పెట్టావా, పొయ్యి మీద ఆశ వదులుకో" అంటారు ఆయన.

నాన్‌స్టిక్ మీద అట్టు వస్తోంది గానీ చుట్టూ ఆ ఎర్రటి జల్లెడ రావట్లేదు. నిన్న ఆయన ఆఫీసుకి వెళ్లాక పెనం దింపి దొంగచాటుగా ఒక అట్టు వేశాను. అట్టు బ్రహ్మాండం. పెనం పక్కకి జరిపి చూస్తే గాజు మీద వేలెడు పొడుగున బూడిదరంగు గీత! తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. ప్రస్తుతానికి దాని మీద పంచదార డబ్బా పెట్టి దాచాను. ఎవరైనా వాడుతున్నవాళ్లు నిజం చెప్పండి, పెట్టొచ్చా పెట్టకూడదా? టెన్షన్‌తో నిద్ర లేదు.

భీమవరం బాబాయ్
పెట్టకమ్మా. నేను అనుభవించి చెబుతున్నాను. మూడేళ్ల కింద పండక్కి ఇంటినిండా చుట్టాలు. పెద్ద బీడు పెనం ఎక్కించి గంటన్నర ఆపకుండా అట్లు పోశారు మా ఆవిడా, మరదలూ. ఉన్నట్టుండి బాంబు పేలినట్టు ఢాం అంది. చూస్తే గ్లాస్ టాప్ మొత్తం కలకండ పలుకుల్లా నేల మీద. అట్లపిండిలో కూడా గాజే. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. ఆ రోజు నుంచి బీడు అంటే మా ఇంట్లో దండం పెడతారు.

ఫిజిక్స్ మాస్టారు (రాజమండ్రి)
బాబాయ్ గారూ, మీది గ్యాస్ స్టవ్ కదండీ? అమ్మాయి అడిగింది ఇండక్షన్ గురించి. రెండింటినీ గాజు అనే పిలుస్తాం గానీ రెండూ ఒకటి కాదు. ఈ గందరగోళం తేలకపోతే మిగతా చర్చంతా వృథా.

గ్లాస్ టాప్ గ్యాస్ స్టవ్ మీద ఉండేది టఫెన్డ్ గాజు. మామూలు గాజునే 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలి కొట్టి గబగబా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుని గట్టిపడుతుంది, లోపలంతా లాగిన రబ్బరులా ఒత్తిడితో ఉంటుంది. ఒక్కచోట పట్టు తప్పితే పలక మొత్తం పలుకులైపోతుంది. నిజానికి అక్కడ గిన్నె బరువు నేరుగా గాజు మీద పడదు, స్టాండు మీద పడుతుంది. మీ పెనం బర్నరు కన్నా బాగా వెడల్పై ఉంటుంది. దాని అడుగున మంట పక్కలకి పాకి, వేడి పైకి పోయే దారి లేక గంటన్నర సేపు గాజునే కాల్చింది. అదే వెడల్పున్న అల్యూమినియం పెనమైనా ఆ పనే చేసేది. పాపం బీడుది కాదు, వెడల్పుది.

ఇండక్షన్ మీద ఉండేది గ్లాస్ సెరామిక్. దీని పుట్టుక భలే కథ. 1953లో అమెరికాలో కార్నింగ్ కంపెనీలో స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను 600 డిగ్రీలకి పెడదామని కొలిమిలో పెడితే, కొలిమి అదుపు తప్పి 900కి పోయింది. కరిగి ముద్దయి ఉంటుందనుకుని తీయబోతే పట్టకారులోంచి జారి నేల మీద పడింది, పగల్లేదు. గాజులోపల సన్నటి స్ఫటికాలు పుట్టాయన్నమాట. ఇప్పటి పొయ్యి పలకలు ఆ జాతివే. వేడికి దాదాపు వ్యాకోచించవు, కాబట్టి వేడికి పగలడం అన్నది వాటి విషయంలో చాలా అరుదు. వీటికి భయం ఒక్కటే, దెబ్బ.

కరెంటు కుర్రాడు (తణుకు)
మాస్టారు చెప్పింది కరెక్టండి. నాది స్టవ్‌ల రిపేరు షాపు. పగిలిన ఇండక్షన్ పలకలు చాలానే చూశాను. పెనం బరువుకి పగిలింది ఒక్కటీ గుర్తు లేదు. పైన అరలోంచి ఊరగాయ జాడీ మూత పడటం, రుబ్బురోలు పొత్రం జారటం, పిల్లాడు పొయ్యెక్కి బల్బు మార్చటం, ఇవే ఎక్కువ. అక్కగారూ, మీ పెనం రెండున్నర మూడు కిలోలుంటుందా? ఐదు లీటర్ల కుక్కరు నిండా పప్పూ నీళ్లూ పోస్తే అంతకు రెట్టింపు ఉంటుంది. దాన్ని పెట్టినప్పుడు బావగారు ఏమీ అనరు కదా!

ఇక గీత సంగతి. గోరు పెట్టి అడ్డంగా గీకండి. గోరు తట్టుకుంటే గాజు గీసుకుపోయినట్టు. నున్నగా జారిపోతే అది గీత కాదు, ఇనుము అంటిన మరక. పలక మీద బలపం రాసినట్టు లోహం రాసుకుంటుంది.

లంకపిల్ల
గోరు జారిపోతోంది!! తమ్ముడూ నీ నోట్లో నెయ్యి పొయ్య. మరి పోయేదెలా?

నర్సాపురం లేసు
వంటసోడా చిటికెడు, నిమ్మచెక్క, పాత బనీను గుడ్డ. పొయ్యి చల్లారాక సోడా చల్లి నిమ్మచెక్కతో రుద్ది, ఐదు నిమిషాలాగి గుడ్డతో గుండ్రంగా తుడవండి. ఒకసారికి పోకపోతే రెండోసారి. పెనం తోమే కొబ్బరిపీచు మాత్రం గాజు మీదకి తేవద్దు, అందులో ఇసుక ఉంటుంది. స్టీలు పీచు అసలే వద్దు.

ఫిజిక్స్ మాస్టారు
లేసు గారు ఇసుక మాటెత్తారు కాబట్టి అసలు దొంగను పట్టిద్దాం. రాళ్ల గట్టిదనానికి మోస్ కొలత అని ఒకటుంది, ఒకటి నుంచి పది. బీడు ఇనుము అందులో 4, 5 దగ్గర ఉంటుంది. పొయ్యి గాజు 6 దగ్గర. మెత్తనిది గట్టిదాన్ని గీయలేదు కాబట్టి మీ పెనం ఎంత లాగినా మరకే పడుతుంది. కానీ మన గోదావరి ఇసుక ఉందే, అందులో ఎక్కువ భాగం స్ఫటికం, అది 7. పెనం కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, గాజు మీద నిజమైన గీత పెడుతుంది. పక్కన ఇల్లు కడుతున్నా, కిటికీ తెరిచి ఉన్నా, బియ్యం చెరిగినా ఇసుక వచ్చి పడుతూనే ఉంటుంది మన ఇళ్లల్లో. పెనం పెట్టే ముందు గాజునీ, పెనం అడుగునీ అరచేత్తో ఒకసారి తడిమి చూసుకోవడం, జరపాలంటే రెండు చేతులా ఎత్తి పెట్టడం. ఈ రెండూ అలవాటైతే చాలు.

పెనం అడుగున గరుకు ఎక్కువుంటే సన్న గరుకు కాగితంతో బొడిపెలు మాత్రం తీసి, బాగా కడిగాక వాడండి. గరుకు కాగితం పొడి కూడా ఇసుక కన్నా గట్టిదే, మర్చిపోకండి.

తోట సందు
ఇదంతా ఎందుకండీ, పొయ్యి మీద న్యూస్‌పేపరు పరిచి దాని మీద పెనం పెడితే సరి. గీతా పడదు, నూనే కారదు. ఇండక్షన్ గాజుని వేడి చెయ్యదు కదా, గిన్నెనే కదా వేడి చేసేది. మేం రెండేళ్లుగా అలాగే చేస్తున్నాం.

కరెంటు కుర్రాడు
బాబూ, పాలు కాచుకునేటప్పుడు సరే. పాలగిన్నె వంద డిగ్రీలు దాటదు. బీడు పెనం ఖాళీగా రెండు నిమిషాలు మర్చిపోతే 250 దాటుతుంది, కాగితం 230 దగ్గరే అంటుకుంటుంది. గాజు కింద మధ్యలో బొత్తాం అంత సెన్సరుంటుంది, గిన్నె వేడి దానికి తెలిస్తేనే పొయ్యి ఆగుతుంది. మధ్యలో కాగితం పెడితే దానికి ఆలస్యంగా తెలుస్తుంది. పోయిన వేసవిలో ఒకావిడ తెచ్చిన పొయ్యి మీద రాశిఫలాలు అతుక్కుపోయి ఉన్నాయి, చదువుకోవచ్చు కూడా. ఎంత గీకినా తులారాశి రాలేదు.

తోట సందు
సరే సరే, పాలకి మాత్రమే పెట్టుకుంటాం.

పాలకొల్లు పిన్ని
నాన్నా లంకపిల్లా, అందరూ గాజు గాజు అంటున్నారు గానీ ఆ మూకుడు సంగతి ఎవరూ అడగరేం? అమ్మమ్మ మూకుడంటే అడుగు గుండ్రమా, చదునా?

లంకపిల్ల
గుండ్రమే పిన్నిగారూ. పొయ్యిరాళ్ల మధ్య కూర్చునేది. గట్టు మీద పెడితే పసిపిల్లాడి తలలా అటూ ఇటూ ఊగుతుంది. ఇనప రింగు స్టాండొకటి కొని దాని మీద కూర్చోబెడదామా అనుకుంటున్నాను.

ఫిజిక్స్ మాస్టారు
వద్దమ్మా. ఇండక్షన్ కింద రాగితీగ చుట్ట ఉంటుంది. సెకనుకి వేలసార్లు దిక్కు మారే కరెంటు అందులో పారుతుంది. దాని అయస్కాంత ప్రభావానికి గిన్నె అడుగున ఇనుములో సుడులుగా కరెంటు పుట్టి గిన్నే కాలుతుంది. ఈ బలం గాజు దాటి కొన్ని మిల్లీమీటర్లలోనే ఎక్కువ, పైకి పోయేకొద్దీ గబగబా పడిపోతుంది. గుండ్రటి అడుగు గాజుని రూపాయి బిళ్ళంత మేరే తాకుతుంది. ఇనప రింగు పెట్టారంటే దగ్గరగా ఉన్నది అదే కాబట్టి రింగు ఎర్రగా కాలుతుంది, మూకుడు చల్లగా చూస్తుంటుంది. అమ్మమ్మ మూకుడు మంట కోసం పుట్టింది. దాన్ని మంట మీదే వాడండి.

పాలకొల్లు పిన్ని
అదే నేను చెప్పబోయేది. పెరట్లో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకో నాన్నా. పండక్కీ పబ్బానికీ ఆ మూకుడు దించు. రొట్టె మీద మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేస్తే కిందా పైనా ఒకేలా కాలేది మా రోజుల్లో. రోజువారీకి చదును అడుగు బీడు పెనం చాలు.

కొత్తదైతే గంజి పోసి మూడు రోజులు మార్చి మార్చి ఉంచు. తర్వాత కొబ్బరిపీచుతో తోమి, ఆరబెట్టి, నువ్వుల నూనె పల్చగా రాసి, సగం ఉల్లిపాయ ఫోర్కుకి గుచ్చి రుద్దుతూ కాల్చు. ఇప్పుడు సీజనింగ్ చేసే అమ్ముతున్నారట, అలాంటిదైతే గంజి అక్కర్లేదు, ఉన్న పొర పోతుంది.

నర్సాపురం లేసు
ఆ కాల్చడం కూడా ఇండక్షన్ మీద కాకుండా గ్యాస్ మీద చేసుకోండి. ఇండక్షన్‌లో మధ్యే కాలుతుంది, అంచులకి నూనెపొర పట్టదు. మా ఊళ్లో సముద్రపు గాలికి అంచులే ముందు తుప్పు పడతాయి. వానాకాలమైతే రాత్రి తోమి పెట్టిన పెనం పొద్దున్నకి పసుపు రాసిన గడపలా ఉంటుంది. తోమగానే సన్న వేడి మీద నీరంతా ఆరిపోయేదాకా ఉంచి, ఒక్క చుక్క నూనె గుడ్డతో పట్టించి, ఆ నూనె మళ్లీ తుడిచేయాలి. జిడ్డు మిగిలితే బంకవుతుంది.

డాలస్ కోనసీమ
నాదీ ఒక గాజు పొయ్యి గోడు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఇండక్షన్ కాదు. గాజు కింద తీగచుట్ట ఎర్రగా కాలే ఎలక్ట్రిక్ పొయ్యి. ఇందులో ముందు గాజు కాలుతుంది, గాజు నుంచి పెనానికి వేడి ఎక్కాలి. పెనం అడుగు పిసరంత ఉబ్బినా మధ్యలో గాలి చేరి సగం అట్టు తెల్లగా ఉండిపోతుంది. కొనేటప్పుడు అడుగున స్కేలు నిలువుగా పెట్టి చూడండి, వెలుతురు కనిపిస్తే వదిలేయండి. గాజు మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరిగేది కూడా అంతే. ఆపేశాక కూడా గాజు చాలాసేపు వేడిగా ఉంటుంది, ఎర్రలైటు ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు.

కానీ నా కొంప ముంచింది బీడు కాదు, బెల్లం. అరిసెలకని పాకం పడుతుంటే పొంగి గాజు మీద పడింది. చల్లారాక గీకుదాంలే అనుకున్నాను. చల్లారి గట్టిపడేటప్పుడు అది గాజుని పట్టుకుని లాగుతుందట. తెల్లారి గీకితే బెల్లంతోపాటు గాజు పెచ్చు ఊడొచ్చింది, చిటికెనవేలి గోరంత గుంట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడింది. పాకం పొంగితే పొయ్యి ఆపి, వేడి మీదుండగానే చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని బ్లేడు గీకుడుతో తీసేయాలి. గాజు పొయ్యి మీద ఆగకూడనిది అదొక్కటే.

భీమవరం బాబాయ్
అమ్మో, అరిసెల పాకమా! మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. ఇండక్షన్ కొందామనుకున్నది మళ్లీ ఆలోచనలో పడింది.

లంకపిల్ల
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. మరక పోయింది, లేసు గారికి దండాలు. ధైర్యం వచ్చి నిన్న పదంగుళాల పెనం మీద మినపరొట్టె వేశాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. 1,200 వాట్లు పెట్టి, నూనె పోసి, పిండి వేసి మూత పెట్టాను. ఎనిమిది నిమిషాలకి మాడు వాసన. తీసి చూస్తే మధ్యలో గాజుల ముద్ర వేసినట్టు గుండ్రంగా నల్లటి రింగు, అంచుల్లో పిండి ఇంకా జారుతోంది. కుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయింది.

ఫిజిక్స్ మాస్టారు
ఆ నల్లరింగే మీ రాగితీగ చుట్ట ఆకారం. బీడు వేడిని పట్టుకుని ఉంచుతుందే గానీ పక్కలకి పంచడంలో మందకొడి. అల్యూమినియం దానికన్నా నాలుగు రెట్లు వేగంగా పంచుతుంది. మంట మీదైతే సెగ అంచుల దాకా పాకి ఆ లోటు పూడ్చేది, ఇక్కడ అంచుకి సెగే లేదు. పైగా మందపాటి పోత ఇనుముని ఒక్కసారిగా పెద్ద వేడి మీద పెడితే మధ్య వ్యాకోచించి అంచు కదలక పగులు పడొచ్చు. బీడు పగిలితే అతుకు నిలవడం కష్టం. అన్నిటికన్నా తక్కువ అంకెలో ఖాళీ పెనం ఆరేడు నిమిషాలు పెట్టండి, అంచు మీద చిలకరించిన నీటిచుక్క చుయ్యిమన్నాకే పిండి.

కరెంటు కుర్రాడు
ఇంకోటి. తక్కువ వాట్లలో చాలా పొయ్యిలు సన్నగా కాలవు. పెద్ద మంట కాసేపు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇస్తాయి. టిక్కు టిక్కు శబ్దం వింటారు. పల్చటి గిన్నెలో పాలు అందుకే పొంగుతూ ఆగుతూ ఉంటాయి. బీడుకి ఈ తేడా తెలియదు, వేడి దాచుకుంటుంది కాబట్టి సరిపోతుంది. అలాగే విడి ఇండక్షన్ వాడేవాళ్లు 2,000 వాట్ల పొయ్యిని చిన్న ప్లగ్గులో పెట్టకండి. దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్ కరిగిపోతుంది. 16దే వాడండి.

పాలకొల్లు పిన్ని
పెనం కూడా పెద్దది నాన్నా. చుట్ట ఎంతుందో అంత పెనమే తీసుకో, ఎనిమిదంగుళాలది. రొట్టె చిన్నదైతే ఏం, రెండు వేసుకోవచ్చు. మూత బరువుగా ఉండాలి.

యానాం కుర్రోడు
మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఈ వరదకి పులస దొరికితే బీడు మూకుడులో పులుసు పెట్టొచ్చా? ఫ్రెండ్స్ ఐరన్ ఎక్కుతుందంటున్నారు.

పాలకొల్లు పిన్ని
ఒరే అబ్బాయ్! పుస్తెలమ్మి కొన్న చేపని ఇనుములో నల్లగా మాడ్చి తింటావా? చింతపండు పులుపు తగిలితే ఇనుము మీద నూనెపొర లేచిపోతుంది, పులుసు తుప్పువాసన కొడుతుంది. మట్టిదాక తీసుకో. సన్నసెగ మీద ఉడకనిచ్చి, ఆ పూట కాకుండా మర్నాడు తిను.

భీమవరం బాబాయ్
పిన్నిగారికి నా ఓటు. మట్టిదాకని ఇండక్షన్ మీద పెట్టొచ్చా అని మాత్రం అడక్కు, అది అసలు వెలగదు.

లంకపిల్ల
చివరి రిపోర్టు. ఎనిమిదంగుళాల బీడు పెనం కొన్నాను. గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యపురవ్వ, జీలకర్ర, ఉప్పు. ఖాళీ పెనం రెండో నంబరు మీద ఆరు నిమిషాలు, అంచున నీళ్లు చుయ్యిమన్నాయి. నూనె పోసి, పిండి రెండంగుళాల మందాన వేసి, మా అత్తగారి ఇత్తడి గుండిగ మూత బోర్లించాను. పావుగంటకి మధ్యలో పుల్ల గుచ్చితే తడి లేదు. తిరగేసి ఏడు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు పొయ్యి ఆపేసి పెనం వేడి మీదే. కోస్తే పైన కరకర, లోపల దూదిలా. రంగు అంచు నుంచి అంచుకి ఒకటే.

మావారు రెండు ముక్కలు మాట్లాడకుండా తిన్నారు. మూడోదానికి పానకం కలుపుకుందామని గట్టు మీద ఉప్పుజాడీ జరిపి బెల్లం డబ్బా తీశాను. ఉప్పుజాడీ కింద, రెండో పొయ్యి మీద, జానెడు బూడిదగీత! నేను ఆ పొయ్యి మీద బీడు పెట్టనే లేదు. ఆయన వంక చూశాను. "మొన్న నువ్వు మీ అమ్మ వాళ్లింటికెళ్లినప్పుడు కుక్కరు కొంచెం జరిపాను" అన్నారు.

కరెంటు కుర్రాడు
అక్కా, గోరు పెట్టి చూశారా మరి?

లంకపిల్ల
జారిపోతోంది తమ్ముడూ. నిమ్మచెక్క ఆయన చేతికే ఇచ్చాను.